దీమం పుంజు

మొన్న తిరుపతిలో కోడికూర అంగడి ముందర నిలబడితే, ఈకలు కాల్చిన కమురు వాసన ముక్కుకు కొట్టింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. "ఏమ్మా, కోడి తినవా?" అని నవ్వినాడు అంగడాయన. తినక ఏం, తింటాను. ఆ వాసనే పడదు.

తొంభైల నాటి మాట. తలకోన దగ్గర మా ఊరు. కార్తీకంలో కొండ మీదికి మబ్బు దిగి, పొద్దెక్కినా చెట్లు బొట్లుబొట్లుగా కారతానే ఉండేవి. ఇంట్లో రాగి సంగటి, ఉలవచారు, పొయ్యికాడ ఆరేసిన తడి గోనెసంచులు. ఆ మబ్బులో నుంచి అడవికోడి పుంజు కూసిందంటే మా నాయన ఇంట్లో నిలిచేవాడు కాదు. అడవిలో దొరికిన గుడ్డును ఇంటి పెట్ట కింద పొదిగించి దీమం తయారుచేసినాడు. దీమమంటే ఎర పుంజు. దాన్ని కొండలో తాడుతో కట్టి, చుట్టూ ఉచ్చులు పన్ని కూయిస్తే, నా జాగాలో ఎవడ్రా నువ్వని అడవి పుంజు కొట్లాటకొచ్చి ఉచ్చులో పడతాది. చెదలు తవ్వి పెట్టి మా దీమాన్ని సాకింది నేను. సిన్నోడని పేరు పెట్టుకున్నాను. నా గొంతు వింటేగానీ కూయడని, తొమ్మిదేళ్ల దాన్ని నన్నూ తీసకపొయ్యేవాడు నాయన.

ఆ పొద్దు పొద మాటున కూర్చుని "బో బో" అన్నాను. సిన్నోడు మెడ సాచి కూసినాడు. మబ్బులో నుంచి పెద్ద పుంజొకటి వచ్చి, ఉచ్చుల మీదుగా ఎగిరి నేరుగా వాడి మీద పడింది. కట్టేసినోడు ఏం కొట్లాడతాడు? కాలి ముల్లుతో వాడి రొమ్ము చీల్చింది, కన్ను పొడిచింది. ఆకుల నిండా నెత్తురు.

"నాయనా, సచ్చిపోతాడు! తాడిప్పు!"

"కదిలినావంటే కాళ్లిరగ్గొడతా. ఆ పుంజు ఎనక్కి తిరిగితే ఉచ్చులో పడతాది, గమ్మునుండు."

యాడ గమ్మునుండేది! రాయి తీసుకుని ఉరికినాను. కొట్లాట మదంలో ఆ పుంజు నన్ను చూడనే లేదు. మొదటి దెబ్బకు రెక్క విరిగింది. రెండో దెబ్బకే చచ్చిందనుకుంటా, అయినా మెడ మీద కాలేసి, అరస్తా ఏడస్తా, తల నుజ్జునుజ్జయ్యేదాకా కొట్టినాను. నాయన వచ్చి చెయ్యి పట్టుకుని, "అబ్బా, నా కూతురంటే నా కూతురే!" అన్నాడు. ఎందుకు దాచాల, నాకు గర్వమే అయింది.

సిన్నోడు దోవలోనే నా చేతుల్లో పోయినాడు. నాయన రెండింటినీ ఒకే మంటలో కాల్చినాడు, అమ్మ ఒకే కుండలో వండింది. ఏడస్తానే తిన్నాను.

ఇప్పుడా కొండకు పోతే టికెట్టు గేటు, కార్ల వరస, పాటల మోత. పుంజు కూత ఒక్కటి వినపడదు. పోయినేడు నా కూతురు అడిగింది, "అడవికోడిని సూసినావా మా? ఎట్లుంటాది?" అని. బూడిద రంగు ఒళ్లు, మెడ నిండా పసుపు చుక్కలు, నల్లగా వంగిన తోక అని చెప్పుకుంటా వచ్చినాను.

"మరి తల?" అనింది.

ఆ పొద్దు రాయి పట్టిన చేతిని కొంగుకు తుడుచుకున్నాను.