మిరపతోటలో స్కౌట్

మా మిరప కోతలకు కనిగిరి వైపు నుంచి ఏటా ఒక ముఠా వచ్చేది. పదిమంది ఆడవాళ్లు, వాళ్ల మేస్త్రి. కుర్రతనంలో శ్రీలంక అంతర్యుద్ధానికి మన సైన్యంతో వెళ్లొచ్చిన మనిషాయన. ఆ భాష ఆయన్ను వదల్లేదు. ముఠాను సెక్షన్ అనేవాడు, సద్ది విప్పే చోటును లంగర్ అనేవాడు. తోటలోకి మాత్రం తనే ముందు దిగాలి.

"స్కౌట్ ముందు. నా అడుగులోనే అడుగెయ్యండి."

వాళ్లు నవ్వుకుంటూనే వరస కట్టేవాళ్లు. పొగమంచులో పదకొండు మందీ ఒకే మనిషిలా కదిలేవాళ్లు.

ఒకరోజు, కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకతె ఆయన్ను దాటి గట్టు దిగబోయింది.

"థమ్! ఆగు!" అని అరిచాడు.

మజ్జిగ చెంబుతో నేనూ ఆగిపోయాను. ఆ పిల్ల ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఆ కాలి కింది మట్టిని నిద్రపోయే బిడ్డ జుట్టు సవరించినట్టు తడిమాడు. రాలిన మిరపకాయ ఒకటి దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"లంకలో ఆ పొద్దు స్కౌట్ వంతు నాదమ్మా. మా సెక్షన్ కుర్రాడొకడు తొందరపడి నన్ను దాటాడు. కింద మందుపాతరుంది."

ఈ ఏడు ముఠా వచ్చింది, ఆయన రాలేదు. ఎండాకాలంలో పోయాడట. మంచులో మాత్రం అదే వరస. ముందు ఆ పిల్ల.

"మన తోటేగా, ఇంకా ఈ వరసేంటే?" అన్నాను.

నేల మీంచి చూపు తిప్పకుండానే, "నా ఎనకమాలే రా అక్కా, ముందు నేను చూస్తాగా" అంది.

ఆమె అడుగులో అడుగేశాను.