అమ్మ నీలం కారుకు చలిలో వ్యాక్స్

నేను థర్డ్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు మేం న్యూజెర్సీలో, ఐసెలిన్ దగ్గర ఉండేవాళ్ళం... డిసెంబరు వచ్చిందంటే, రోడ్లు గడ్డకట్టకుండా మంచు కంటే ముందే వాటి మీద ఉప్పు పడేది.

ఆ ఏడాది అమ్మకు ఒక ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. నేను పుట్టాక ఇంటిపట్టునే ఉండిపోయిన మనిషి... సోమవారం నుంచి ఒక్కతే హైవే మీద డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాలి. అందుకోసమే ముదురు నీలం రంగు పాత కారు ఒకటి కొన్నారు.

"ఉప్పు తగిలితే తుప్పు పడుతుందట. ఇవాళే వ్యాక్స్ పెట్టేస్తాను" అంది అమ్మ, ఆదివారం పొద్దున.

"ఇంత చలిలో సరిగ్గా పట్టదు. స్ప్రింగ్‌లో చేద్దాంలే" అన్నారు నాన్న.

"స్ప్రింగ్ దాకా ఉప్పు ఆగుతుందా?"

నాన్న సరుకులకు వెళ్ళగానే అమ్మ స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని, పాత పంచె చింపి నాకో పీలిక ఇచ్చింది. డబ్బాలో వ్యాక్స్ పేరుకున్న నెయ్యిలా గట్టిగా ఉంది. గోకి గోకి తీసి కారంతా దట్టంగా పులిమాం... వెనక ట్రంక్ దాకా వచ్చేసరికి, పూసి తుడిచేయాల్సిన వ్యాక్స్ ముందు హుడ్ మీద తెల్లగా బిగుసుకుపోయింది. తుడిస్తే రాదు. గట్టిగా రుద్దితే మరకలు ఇంకా పాకుతున్నాయి. మా చేతులు కొంకర్లు పోయాయి.

అమ్మ గరాజ్ ముందు మెట్టు మీద కూర్చుని ఏడ్చేసింది. అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి...

అంతలో నాన్న వచ్చారు. కారును చూశారు, అమ్మను చూశారు. నవ్వుతారేమో అనుకున్నాను. ఆయన నేరుగా లోపలికెళ్ళి హెయిర్ డ్రయ్యర్, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు పట్టుకొచ్చారు. ఆయన కాస్త కాస్త మేర వెచ్చబెట్టేవారు, అమ్మ తుడిచేది, నేను పీలికలు దులిపి అందించేదాన్ని.

చాలాసేపటికి అమ్మ నెమ్మదిగా అంది: "కారు గురించి కాదండీ... రేపు హైవే ఎక్కాలంటే నాకు భయంగా ఉంది."

"లీవ్ పెట్టి పక్కన కూర్చోనా?"

అమ్మ చెయ్యి ఆగింది. "వద్దు. రేపు మీరొస్తే ఎల్లుండి కూడా రమ్మంటాను."

ఎంత తుడిచినా తలుపుల అంచుల్లో తెల్లచారలు మిగిలే ఉన్నాయి. మర్నాడు పొద్దున ఆ చారల కారులోనే అమ్మ బయల్దేరింది. సన్నగా మంచు పడుతోంది... చేరానని ల్యాబ్ నుంచి అమ్మ ఫోన్ చేసేదాకా నాన్న ఆఫీసుకు షూస్ కూడా వేసుకోలేదు.

సాయంత్రం ఇంట్లో అడుగు పెడుతూనే, "వెనకాల ఎవడో ఒకటే హార్న్ కొట్టాడు" అంది అమ్మ.

"అయ్యో... ఏం చేశావు మరి?"

"నా స్పీడ్ నాది, కొట్టుకోనీ అనుకున్నా!"

నాన్న పగలబడి నవ్వారు. అమ్మ కూడా...

ఇప్పుడు నేను కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉంటున్నాను. కార్‌వాష్‌లోకి పోనిస్తే రంగురంగుల నురగతోపాటు వ్యాక్స్ కూడా దానంతటదే పట్టేస్తుంది. మా పిల్లలు ఫోన్లలోంచి తలెత్తేలోపే బయటికొచ్చేస్తాం. కారు తళతళలాడుతూనే ఉంటుంది... మనసులో మాట బయటికి రావడానికే ఆ కాసేపు చాలదు.

మీ అమ్మ మొదటిసారి ఒంటరిగా స్టీరింగ్ పట్టుకున్న రోజు మీకు గుర్తుందా? ఇంటికొచ్చి ఏమంది... కామెంట్లలో చెప్పరూ?