మంచె మీదికి వినిపించిన కూత

దయ్యాలంటే నాకు నవ్వులాట. ఆస్పత్రిలో శవాల గది తాళంచెవి నా మొలతాడుకే వేలాడేది. అరకు కొండల్లో ఇంకా మోటార్లు తిరగని రోజుల్లో, నేనక్కడ కాంపౌండరుగా ఉండగా జరిగిందిది.

బుద్రు అనే కొండరైతును డోలీలో మోసుకొచ్చారు. సామచేలో ఉండగా పైనుంచి రాయి దొర్లి తల పగిలింది. ఎముక లోపలికి దిగి మెదడును నొక్కుతోంది. పంట అడవిపందుల పాలవుతుందని భార్య సుక్రి చంటిపిల్లతో మంచె మీదే ఉండిపోయిందని అతని అన్న చెప్పాడు. ఆ కొండల్లో మంచె కాపున్నవాళ్లు కూతలతోనే పిలుచుకుంటారు. ఒక్కో ఇంటిది ఒక్కో కూత. తమ ఇంటి కూత వినబడితే దిగి వెళ్లాల్సిందే.

క్లోరోఫారం ఇస్తే ప్రాణం నిలవదన్నారు డాక్టరుగారు. తలచుట్టూ నొవొకైన్ సూదులు వేసి, మెలకువగా ఉండగానే ఎముక ఎత్తుతానన్నారు. తోలు మొద్దుబారితే చాలట, మెదడుకు నొప్పి తెలియదట.

"మాట్లాడిస్తూ ఉండు. మాట ఆగితే వెంటనే చెప్పు," అన్నారు నాతో.

తల పట్టుకుని కూర్చున్నాను. "నొప్పుందేటి బుద్రూ?"

"నేదు బాబూ. గీకతన్న సప్పుడు ఇనబడతంది."

ఎముక కదిలింది. బుద్రు మాట ఆగిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు. పోయాడనే అనుకున్నాను.

ఉన్నట్టుండి ఊపిరి పీల్చి కూత వేశాడు. గొంతు చిరిగేలా మళ్ళీ మళ్ళీ వేశాడు. తర్వాత నెమ్మదిగా, "దిగింది బాబూ. సుక్రి సంటిగుంటనెత్తుకుని దిగిపోనాది," అన్నాడు.

మెదడు ఒత్తిడికి అలాగే అంటారులే అంటూ డాక్టరుగారు కుట్లు వేశారు. నేనూ సరే అనుకున్నాను.

బుద్రు బతికాడు. మాట మాత్రం మళ్ళీ రాలేదు.

కొన్నాళ్లకు సుక్రి పిల్లతో వచ్చింది. సంత రోజు మధ్యాహ్నం లోయలోంచి తమ ఇంటి కూత వినిపించిందట. మొగుడు నయమై వచ్చాడని పిల్లను చంకనేసుకుని దిగి పరుగెత్తింది. వెనకాలే కొండచరియ విరిగిపడి మంచె నుజ్జయిపోయింది. మేము అతని తల కోసిందీ ఆ సంత రోజు మధ్యాహ్నమే.

ఇక మాట రాదని చెప్పలేక చెప్పాను. ఆమె అతని కట్టు మీద చెయ్యి వేసి, "పిలిసినావు గదా, సాలు," అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ చేనుకూ ఆస్పత్రికీ మధ్య పెద్ద కొండలున్నాయి. ఏ కూతా అంత దూరం పోదు. ఆ ఇంటి కూత తెలిసిన అన్న ఆ వేళ ఆస్పత్రి వరండాలోనే ఉన్నాడు. బుద్రు బల్ల దిగలేదు, తల నా చేతుల్లోనే ఉంది. ఇంతకుమించి నాకేమీ తెలియదు.