పిన్ని వేసుకోని ప్రశ్న

మా పిన్నికి ఏ వస్తువు చూసినా లోపల ఏముందో తెలుసుకోవాలనిపించేది. ఉయ్యూరులో బాబాయికి చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవులకు నేను వెళ్తే, చెరుకు రసం పంచదార ఎలా అవుతుందో చూపించమని బాబాయిని బతిమాలి, నన్ను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లింది. ఇంట్లో రేడియో పాడైతే తనే విప్పేది. బాగుపడింది తక్కువే. విప్పుతున్నప్పుడు మాత్రం ఆమె మొహం వెలిగిపోయేది. చదువు మీద నాకు ఇష్టం పుట్టింది ఆమె పక్కన కూర్చునే.

తొంభైల మధ్యలో ఆమెకు షుగర్ వచ్చింది. విజయవాడలో డాక్టరుగారు ఇన్సులిన్ రాశారు. సూది తనే వేసుకోవడం నేర్చుకుని, ఆ మందు ఒంట్లో ఏం చేస్తుందో నాకు బొమ్మ గీసి మరీ చెప్పింది. కొన్నేళ్లు బాగానే ఉంది.

తర్వాత మంగళగిరి దగ్గర ఎవరో ఇచ్చే ఆకుల పొడితో షుగర్ పూర్తిగా పోతుందని బస్సులో ఒకావిడ చెప్పింది. పిన్ని గుడ్డిగా నమ్మే మనిషి కాదు. పరీక్షించి చూద్దామనుకుంది. సూది మానకుండానే పొడి మొదలుపెట్టి, రాత్రిళ్లు అన్నం మానేసి, రక్తపరీక్ష చేయించుకుంది. షుగర్ తగ్గింది. తగ్గింది పొడి వల్లో, అన్నం మానడం వల్లో ఆలోచించలేదు. సూది ఆపేసింది. మా అమ్మ వద్దని మొత్తుకుంది.

"చూద్దాం అక్కా, చూస్తే పోయేదేముంది?" అంది పిన్ని.

కొన్నాళ్లకు చెప్పు కరిచి పాదానికి పుండు పడింది. షుగర్ వల్ల పాదం మొద్దుబారి నొప్పి తెలియలేదు కాబట్టి పట్టించుకోలేదు. విజయవాడ తీసుకొచ్చేసరికి పాదం నల్లబడింది. మోకాలి కింద కాలు తీసేశారు.

ఆస్పత్రిలో ఆమె పొడి ఇచ్చినవాణ్ణి తిట్టలేదు. దుప్పటి కేసి చూసి, "కొత్తది తెలుసుకోవాలనుకోవడం తప్పంటావా?" అని అడిగింది. నేను దుప్పటి సర్దుతుంటే తనే జవాబు చెప్పింది.

"అది తప్పు కాదులేవే. పనిచేస్తున్నదాన్ని ఎందుకు వదిలేస్తున్నానని ఒక్కసారి నన్ను నేను అడగాల్సింది" అంది.

పిన్ని మళ్లీ సూది వేసుకోవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చాక కూడా చుట్టాలు కొత్త వైద్యాల కబుర్లు మోసుకొచ్చారు. పిన్ని అందరి మాటా శ్రద్ధగా వినేది. అది వాడినవాళ్లు ఎవరు, ఇప్పుడెలా ఉన్నారు, దాంతోపాటు ఇంకేం మందులు వాడారు అని అడిగేది. చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు. డాక్టరుగారిని కూడా ప్రతి మాత్రా దేనికోసమో అడిగి తెలుసుకునేది. కానీ అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక వేసవిలో చూడ్డానికి వెళ్లాను. అప్పటికి నేను ఉద్యోగంలో చేరాను. పోస్ట్‌మ్యాన్ లేకుండా ఈమెయిల్ ఎలా చేరుతుందని అడిగింది. చెబుతుంటే మధ్యలోనే అలసిపోయి కళ్లు మూసుకుంది.

"మిగతాది ఈసారి వచ్చినప్పుడు చెప్పు" అంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వచ్చేశాను. ఆ వారంలోనే పిన్ని పోయిందని బాబాయి ఫోన్ చేశాడు.