నెహెమ్యా మేష్టారి అర్జీ

నెహెమ్యా మేష్టారు ముప్పయ్యేళ్ళు మాచవరం మిషను బడిలో ఇంగ్లీషు చెప్పాడు. రిటైరయ్యాక ఊరందరికీ అర్జీలు రాసిపెట్టేవాడు. ఎంత ఒదిగి రాస్తే పైవాళ్ళకు అంత జాలి పుడుతుందని ఆయన నమ్మకం. తెల్లదొరలు పోయి పదిహేనేళ్ళయినా ఆయన నడుము ఇంకా నిటారు కాలేదు.

అరవై రెండు వేసవిలో, ఒక శనివారం, ప్రాజెక్టు కాలువ పనిలో బండ దొర్లి అల్లుడు జక్కయ్య కాలు నుజ్జయింది. క్యాంపు ఆసుపత్రిలో కట్టు కట్టి, లోపల చేర్చుకుని మంచం ఇవ్వాలంటే ఇంజనీరుగారి కాగితం తెమ్మన్నారు. కూతురు మరియమ్మ మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంది. మేష్టారు తన ఇంగ్లీషంతా కుమ్మరించి, ఈ దిక్కులేని కూలీని కాపాడమని అర్జీ రాసిచ్చాడు.

గంటకల్లా ఇంజనీరు ఆఫీసు గుమాస్తా వెంకట్రామయ్య దాన్ని తిరిగి తెచ్చాడు.

"ఏంది మేష్టారూ, కూలీ అని రాశారు? కూలీ అంటే కాంట్రాక్టరు తోలుకొచ్చిన మనిషి. లేబరర్ అంటే ఏ రోజుకారోజు మేం పిలిచేవాడు. వర్క్‌మన్ అంటేనే మా హాజరు పట్టీలో పేరున్న మనిషి. మంచం వాళ్ళకే. అయ్యగారు కుదరదని సంతకం పెట్టి మాచర్ల పోయారు."

"అందరిదీ రెక్కల కష్టమే గదయ్యా! మావాడు మీ పట్టీలో మనిషే!"

"నన్నేం చేయమంటారు? సంతకం పడ్డాక అయ్యగారే మార్చాలి. సోమవారం రానీండి."

జక్కయ్య మూడేళ్ళుగా పట్టీలో వర్క్‌మనే. అర్జీ రాసేముందు నొప్పితో మూలుగుతూ ఆ సంగతి చెప్పాడు కూడా. అడుక్కునేచోట అంత డాబు మాట పనికిరాదని మేష్టారే దాన్ని వదిలేశాడు. ఇప్పుడు తన చేయి తానే నరుక్కోవాలనిపించింది. ఇంజనీరు బంగళాకు రెండుసార్లు పరుగెత్తాడు. తాళం వేసి ఉంది. గుంటూరు తీసుకుపోదామంటే అల్లుడు కదిలించే స్థితిలో లేడు.

ఆదివారం మధ్యాహ్నం ఆ వరండాలోనే జక్కయ్య ప్రాణం పోయింది.

ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయాక మరియమ్మ తండ్రి వైపు తిరిగింది.

"ఆ కాయితంలో ఏం రాశావు నాయనా?"

మేష్టారు జేబులోని అర్జీని ఇంకా లోపలికి తోశాడు.

"నువ్వు మంచిగానే రాసుంటావులే. వాళ్ళకే దయ లేకపాయె," అంటూ ఆమె ఆయన భుజం మీద తల వాల్చింది. మేష్టారు ఆ తల నిమరడానికి కూడా చెయ్యెత్తలేకపోయాడు.