నాలుగు వేళ్ల మడత

మా మేనకోడలికి లాయరమ్మ అని పేరు పెట్టింది నేనే. అది చదివేది పశువుల డాక్టరు చదువు. కానీ మూడేళ్లప్పుడు పడుకోవే అంటే ఎందుకు అని అడిగిన పిల్ల, పదిహేడేళ్లు వచ్చినా అడగడం మానలేదు. దానితో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. నేనూ గెలవలేదంటే ఇక మీరే అర్థం చేసుకోండి. నా నోటికి జడిసి కూరగాయల బండివాడు మా వీధి మొత్తానికీ తూకం సరిగ్గా వేస్తాడు.

నాది కుట్టు కొట్టు. ఒకటే గది, రెండు మిషన్లు, ఒక పొడుగాటి బల్ల, గోడకి నిలువుటద్దం. ముప్పై ఏళ్లుగా గౌన్లు, లంగాలు, ఆడపిల్లల స్కూలు యూనిఫారాలు కుడుతున్నాను. మగవాళ్ల బట్టలు ముట్టను. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడతారు, తీసుకెళ్లేటప్పుడు వదిలేసి బిగుతైందని నామీద పడతారు. ఆ గొడవ నాకెందుకని మొదట్లోనే బోర్డు మీద ఆడవారికి మాత్రమే అని రాయించేశాను.

దాని నాన్న నాకు తమ్ముడు. నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. మా మరదలు ఆసుపత్రి వంటగదిలో కూరలు తరుగుతుంది. ఇద్దరికీ ఒళ్లు వంచడం తప్ప ఇంకోటి తెలీదు. జీతాలు మాత్రం నెల సగంలోనే అయిపోతాయి.

సీటు వచ్చిన రోజు సాయంత్రం ముగ్గురూ మా కొట్టుకే వచ్చారు. తమ్ముడు నవ్వుతూనే ఉన్నాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా రావడం లేదు. నేను బిస్కట్లు తెప్పించి, ఇక చెప్పండ్రా అన్నాను. ఫీజులో సగం స్కాలర్‌షిప్పు ఇస్తారట. మిగతా సగం మేం కట్టుకోవాలి. కాలేజీ తెరిచాక నెల రోజుల గడువు. ఆలోపు కట్టకపోతే ఆ సీటు వెనకాల వరసలో ఉన్నవాళ్లకి పోతుంది.

"నేనూ నీ మరదలూ ఎంత ఈడ్చినా మా వాటాలో నాలుగోవంతు వస్తుందక్కా. అంతకుమించి రాదు," అన్నాడు తమ్ముడు. ఆ మాట నాతో అనలేదు, నేలతో అన్నాడు.

"మిగిలింది నేను తెస్తాలేరా. దానికంత మొహం వేలాడేసుకోవాలా," అన్నాను.

"ఎక్కడి నుంచి తెస్తావత్తా?" అంది లాయరమ్మ.

"ఎక్కడో తెస్తాను. నీకెందుకే?"

"వడ్డీకి తెస్తావు. ఆ మిషను బెల్టు తెగి ఎన్నాళ్లయింది? అతుకేసుకుని తొక్కుతున్నావు. నాకు అప్పు వద్దు, పనివ్వు చాలు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. నేను గయ్యిమన్నాను. "నా దగ్గర పనేముందే? కాజాలు కుట్టుకో," అన్నాను.

"కాజాలు కుట్టి ఫీజు కట్టాలంటే నేను నా మనవళ్లతో కలిసి చదువుకోవాలి," అంది. బిస్కట్ తింటున్న మా మరదలికి పొలమారింది.

అయినా మర్నాటి నుంచి కాజాలకు కూచుంది. కూచుంది అంటే చేతులు కూచున్నాయి, బుర్ర ఊరంతా తిరుగుతూనే ఉంది. కాలేజీ తెరిచిన మొదటిరోజు సాయంత్రం సంచీ బల్లమీద పడేసి, కాళ్లైనా కడుక్కోకుండా మొదలుపెట్టింది. కొత్తగా చేరినవాళ్లందరూ ప్రాక్టికల్ క్లాసుకు తెల్లకోటు వేసుకెళ్లాలట. గేటు బయట ఒకతను అమ్ముతున్నాడట. అందరికీ ఒకటే సైజట. ఇది వేసుకుంటే చేతులు వేళ్లు దాటి వేలాడాయి. దీని వెనకాల ఉన్న పొడుగబ్బాయి వేసుకుంటే మోచేతుల దగ్గర ఆగిపోయాయి.

"అయితే?" అన్నాను.

"అయితే నేను కాలేజీ స్టోర్ కీపర్ గారిని అడిగాను. కొలతలు తీసి కుట్టిస్తాం, మా క్లాసు కోట్ల పని మాకివ్వమన్నాను."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ అడగడానికి కూడా ఒక మొహం ఉండాలి కదా. ఆ స్టోర్ కీపర్ బక్కపలచటి పెద్దమనిషి, మాట్లాడితే అరిగిపోతానన్నట్టు ఉంటాడు. దీని వాదన అంతా విని, "తెలుపు. మోకాళ్ల కిందిదాకా. నిండు చేతులు. ముందు బొత్తాలు. గట్టి బట్ట. మొదటి ప్రాక్టికల్‌కి అందాలి," అన్నాడట. పిల్లల దగ్గర సగం డబ్బు ముందు వసూలు చేసి ఇస్తానన్నాడు, మిగతా సగం కోట్లు చూశాక.

నేను లెక్క వేసుకున్నాను. బట్ట ఖర్చు, దారం, బొత్తాలు పోగా మిగిలేదానికి మా తమ్ముడు ఇచ్చేది కలిపితే ఫీజు సరిగ్గా పూర్తవుతుంది. అటూ ఇటూ కొంచెం కూడా లేదు. కోట్లు నచ్చక ఆయన వద్దంటే మాత్రం సీటు పోతుంది, బట్ట డబ్బూ నెత్తిమీద పడుతుంది.

"నేను మగవాళ్లవి కుట్టను," అన్నాను.

"ఇవి మగవాళ్లవి కావత్తా. డాక్టర్లవి," అంది.

ముందు డబ్బు చేతికి రాగానే తెల్లబట్ట తాను మొత్తం కొనుక్కొచ్చి కత్తెర పట్టాను. నా కోత గురించి నేను చెప్పుకోకూడదు గానీ, నేను కోసిన గుడ్డలో ఎలక గూడు కట్టుకోవడానికి కూడా పీలిక మిగలదు. క్లాసు అయ్యాక లాయరమ్మ రెండో మిషను ఎక్కేది. మరదలు డ్యూటీ దిగి వచ్చి బొత్తాలు కుట్టేది. తమ్ముడు ట్యాంకరు షెడ్డులో పెట్టి వచ్చి ఇస్త్రీ చేస్తానని కూచున్నాడు. కాల్చిపెడతావురా అని తిట్టాను, ఒక్కటీ కాల్చలేదు. ఆ గదిలో నలుగురం ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ, కబుర్లాడుకుంటూ పనిచేస్తుంటే నాకు ఎంత సంతోషంగా ఉండేదో. పెళ్లీ పెటాకులూ లేని దాన్ని, ఆ కొట్టులో ఎక్కువగా రేడియోతోనే మాట్లాడేదాన్ని.

ఇంకా రెండురోజుల్లో ఇచ్చెయ్యాలి. కోట్లన్నీ తయారై బల్లమీద దొంతర్లుగా ఉన్నాయి. పొడుగబ్బాయి కోటు సరిపోతుందో లేదో చూద్దామని మా తమ్ముడికి తొడిగాం. వాడు అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకుని, "ఆవుని తీసుకురండి," అన్నాడు. అందరం నవ్వాం. వాడు అదే దర్జాతో చేతిలో ఉన్న ట్యాంకరు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అది టంగుమని నేలమీద పడింది.

తీసి ఇంకోపక్క వేసుకున్నాడు. మళ్లీ పడింది.

"అక్కా, జేబు చిరిగినట్టుంది," అన్నాడు.

"కొత్త కోటుకి జేబెలా చిరుగుతుందిరా," అని విసుక్కుంటూ వెళ్లి చూశాను. చిరగడానికి అక్కడ జేబుంటే కదా.

ఒక్కో కోటూ తీసి చూశాను, ఏదో ఒకదానికైనా ఉంటుందేమోనని, పిచ్చిదాన్లాగా. ఎందుకుంటుంది? ముప్పై ఏళ్లలో ఏ ఆడమనిషీ నన్ను జేబు అడగలేదు. అడిగినా పెట్టేదాన్ని కాదు, నడుం దగ్గర ఉబ్బెత్తుగా ఉంటుందని. లాయరమ్మ పుట్టి బుద్ధెరిగాక వేసుకున్నవన్నీ నేను కుట్టినవే, పెన్ను జడలో గుచ్చుకుని తిరిగే పిల్ల, దానికి మాత్రం ఎలా తడుతుంది? గేటు దగ్గర అది చూసింది చేతుల పొడవొక్కటే. కోటన్నాక జేబులుంటాయి కదా అని ఆయన చెప్పలేదు. చెప్పలేదు కదా అని మేం పెట్టలేదు.

"నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పొద్దూ ఆ మహానుభావుడు," అని ఆయన్ని తిట్టాను. మరదల్ని తిట్టాను, బొత్తాలు కుడుతూ చూడలేదేమని. తమ్ముణ్ణి తిట్టాను, ఇస్త్రీ చేస్తూ చూడలేదేమని. తర్వాత తిట్టడానికి ఎవరూ మిగలక స్టూలు మీద కూలబడ్డాను. థర్మామీటరు ఎక్కడ పెట్టుకుంటారు, చేతి తొడుగులు ఎక్కడ పెట్టుకుంటారు? ఇవి తీసుకెళ్తే ఆయన ముఖాన కొడతాడు. కొత్త బట్ట కొందామంటే చేతిలో పైసా లేదు.

తమ్ముడు కోటు విప్పి జాగ్రత్తగా మడతపెట్టాడు. "నేను ఫీజుకని దాచింది ఉందిగా అక్కా, దాంతో బట్ట కొనండి," అన్నాడు.

"వద్దు నాన్నా. అది ఫీజుకే," అంది లాయరమ్మ. మొహం పాలిపోయింది గానీ చేతులు ఊరుకోలేదు. ఒక కోటు తిరగేసి అంచు తడుముతోంది.

"అత్తా, కింద లోపలికి ఎంత మడిచావు?"

"నాలుగు వేళ్లు. ఎప్పుడూ అంతేగా."

"ఎందుకంత?"

"ఎందుకేమిటే, పిల్లలు పొడుగవుతారు. మడత విప్పుకుంటే ఇంకో ఏడాది వస్తుంది. ఆ మడత చూసే కదా తల్లులు నా దగ్గరికొస్తారు."

"వీళ్లంతా కాలేజీ పిల్లలత్తా. ఇంకా ఎంత పొడుగవుతారు?"

అలవాటున పడి ఒక్కో కోటుకీ నాలుగు వేళ్ల బట్ట చుట్టూరా లోపల దాచిపెట్టానన్న మాట. పట్టీలాగా కత్తిరిస్తే జేబుకి చాలే ఎత్తు రాదు. కానీ రెండు ముక్కలు ఒకదాని కింద ఒకటి అతికితే వస్తుంది. సుద్దతో బల్లమీద గీసి చూశాను. కోటుకి మూడు జేబులు వస్తాయి. పొడవు ఒక్క వేలు తగ్గుతుంది, అంతే.

ఆ రెండురోజులూ ఎలా గడిచాయని అడక్కండి. కుట్టడం కంటే విప్పడం కష్టం. మరదలు సెలవు పెట్టింది. బస్తాల కొద్దీ కూరలు తరిగే చెయ్యి కదా, బ్లేడు పెట్టి కుట్లు కోస్తుంటే నాకు చూపు అందేది కాదు. తమ్ముడు దారప్పోగులు ఏరాడు. నేనూ మేనకోడలూ అతికాం, కుట్టాం. నా మిషను బెల్టు మధ్యలో ఒకసారి తెగింది, ఒక్కరూ నన్ను ఏమీ అనలేదు.

స్టోర్ కీపర్ మొదటి కోటు చేతిలోకి తీసుకోగానే జేబు మీదే కన్ను పడింది. "మధ్యలో ఈ కుట్టేమిటి?" అన్నాడు. ఫ్యాషనని చెప్పవే అని నేను వెనక నుంచి గిల్లాను.

"జేబులు మర్చిపోయామండి. అంచు మడత విప్పి అతికి పెట్టాం. అతుకు గట్టిదే, లాగి చూడండి," అంది లాయరమ్మ.

ఆయన చూడటమే కాదు, నడుముకున్న తాళాల గుత్తి తీసి జేబులో పడేసి కోటు పైకెత్తి దులిపాడు. నా ప్రాణాలు ఆ అతుకులోనే ఉన్నాయి. అది కదల్లేదు. ఆయన తాళాలు తీసుకుని, "గేటు దగ్గరివి నెలకే చిరుగుతాయి," అన్నాడు. వాటిని నడుముకి తగిలించుకుంటూ, "నాదీ చిరిగింది. కొలత తీసుకుంటావా అమ్మా?" అన్నాడు. ఆయన తర్వాత పై క్లాసు పిల్లలు వరస కట్టారు. ఫీజు గడువులోపు ఇంకో దొంతర కుట్టి ఇచ్చాం. ఈసారి జేబులు ముందే కోసి పెట్టుకున్నాను, వాటికీ అతుకు కావాలన్న మహారాజు ఒకడు తగిలాడు.

ఆఖరి రోజు ఫీజు కట్టడానికి నేనూ తమ్ముడూ లాయరమ్మా వెళ్లాం. మరదలికి మళ్లీ సెలవు దొరకలేదు. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వరసలో నిలబడ్డప్పుడు లాయరమ్మ సంచీలో డబ్బు నేను మనసులో లెక్కపెట్టుకున్నాను. రెండో దొంతర డబ్బుతో కలిపి మొత్తం ఉంది. తమ్ముడిది అక్కర్లేదు. నాకు సంతోషం పట్టలేదు, వాడి భుజం మీద చెయ్యేసి, "ఒరేయ్, ఇక నీ డబ్బు" అన్నానో లేదో, నా కాలివేళ్ల మీద ఎవరో బలంగా తొక్కారు.

"నాన్నా, నీ డబ్బు తెచ్చావా? అది కలిస్తేనే పూర్తవుతుంది," అంది నా మేనకోడలు, నావైపు చూడకుండా.

"తేకుండా ఎలా ఉంటానే," అన్నాడు వాడు. లోపలి జేబులోంచి తీసి, ఒక్కో నోటు తొడమీద పెట్టి సాపు చేసి, తనే కిటికీలోకి చెయ్యి పెట్టి ఇచ్చాడు. లోపలున్నతను ముందు వాడిదే తీసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కాలు నొప్పని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో తమ్ముడు డ్రైవరు వెనక సీట్లో కూచున్నాడు. మేమిద్దరం వాడి పక్కన. వాడు డ్రైవరు కనబడితే మాట కలపకుండా ఉండలేడు. రోడ్డు సంగతీ బండి సంగతీ అయ్యాక, "మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టి వస్తున్నాను," అన్నాడు.

"ఈ రోజుల్లో ఫీజులంటే మాటలా అన్నా," అన్నాడు డ్రైవరు.

"ఏం చేస్తాం, కట్టాలిగా. తండ్రినన్నాక తప్పుతుందా," అన్నాడు మా వాడు.

డ్రైవరు అద్దంలోంచి లాయరమ్మని చూశాడు. "మీ నాన్న అంత కష్టపడి కడుతున్నాడు, బాగా చదువుకో తల్లీ."

"అవునండీ," అంది అది. "మా నాన్నే కట్టారు."