వెలుగు చక్రం మీద సారు చెయ్యి

శుక్రవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు జరిగింది అది. ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా జీలకర్ర, బెల్లం నూరిన వాసన తగిలితే కెమెరా మీద నా బొటనవేలు కాసేపు కదలదు.

ప్రసాదరావు గారికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఫొటో స్టూడియో ఉండేది. నేను అక్కడ ఊడ్చేదాన్ని. పెళ్లికూతురి గదిలోకి మగవాళ్లను రానివ్వరని నా చేతికి కెమెరా ఇచ్చారు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆల్బమ్ అట్టల మీది పేర్లు చూపించి చదువు చెప్పిందీ ఆయనే. కోపిష్టి మనిషి. మీర్‌పేట్‌లో ఒక పెళ్లిలో పిల్ల తల్లి వచ్చి, "మా బిడ్డ జర నల్లగుంటది, తెల్లగ రావాలె" అంటే నేను వెలుగు పెంచే చక్రం తిప్పబోయాను.

"చెయ్యి తియ్యి, ఎల్లమ్మా! మొహం సున్నం కొట్టిన గోడలా వస్తుంది."

"గామె పిల్ల తల్లి సార్!"

"తల్లయితే పౌడరు రాయమను. కెమెరాతో రాయించొద్దు. అమ్మాయి రంగు అమ్మాయిదే."

ఆ మాట పట్టుకునే పని నేర్చుకున్నాను.

తర్వాత ఆయన కూతురు సుధ పెళ్లి వచ్చింది, ఎల్‌బీ నగర్‌లో ఫంక్షన్ హాలు. సుధది తండ్రి రంగే, చామనఛాయ. ఆ మొహానికి తగినట్టే వెలుగు పెట్టుకుని నిలబడ్డాను. వధూవరుల మధ్య అడ్డుతెర ఇంకా ఉంది. కన్యాదానం చేసే తండ్రి పీటల మీద నుంచి లేవకూడదు. ఆయన లేచి, అల్లుడి కాళ్లు కడిగిన తడి పంచెతోనే నా దగ్గరకు వచ్చారు.

"ఒక్క మెట్టు పెంచు."

"మీరే గద సార్ వద్దన్నరు?"

"పెంచవమ్మా! మగపెళ్లివాళ్లు రేపు ఆల్బమ్ చూస్తారు."

పెంచి, ఒకటి తీసి చూపించాను. "ఇది మా సుధ కాదు" అని ఆయనే వెనక్కి తిప్పారు. మళ్లీ పెంచారు. మళ్లీ తగ్గించారు.

"రావుగారూ, ముహూర్తం! పీటల మీదకు రండి!" అని పంతులు అరిచాడు. గట్టిమేళం మోగింది, అడ్డుతెర దిగింది, వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కెమెరా మీద సారు చెయ్యే ఉంది. ఆ తొలిచూపు ఫొటో లేదు.

సుధ ఆల్బమ్‌లో దాని చోటు ఖాళీగా వదిలించారు. ఎందుకని అడిగితే "ఉండనివ్వు" అన్నారు, అంతే. కొన్నాళ్లకు ఆయన పోయారు. అసలు సారు పెంచమన్న మనిషా, వెనక్కి తిప్పిన మనిషా, నాకు ఎటూ తేలలేదు. ఇప్పుడు మొహం చూసి వెలుగు ఒక్కసారి పెడతాను, అడ్డుతెర దిగేదాకా చక్రం ముట్టను. పెట్టింది సరైనదేనా అంటే తెలియదు.

ఆ రోజు మండపంలో సుధ, పెళ్లికొడుకు కిరణ్, పీటల మీద ఒక్కతే సారు భార్య వరలక్ష్మమ్మ, పంతులు శాస్త్రి. కింద కెమెరాతో నేను. నా పక్కన, ఉండకూడని చోట, ప్రసాదరావు గారు.